అద్దెల లాయరమ్మ, సిమెంటు ఓడ

తప్పు ఓడదేనని ఎప్పుడో తేలిపోయింది. ఆ ఓడ ఎవరిదన్నదే ఎంతకీ తేలడం లేదు.

లాయరమ్మ బల్లకి ఎదురుగా అక్కా తమ్ముడూ కూర్చుని ఉన్నారు. గదిలో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదానికి ఒక కాలు పొట్టి. తమ్ముడు బాగున్న కుర్చీ అక్క వైపు జరిపి, తను ఊగేదాంట్లో కూర్చున్నాడు. పడవ మీద పెరిగిన మనిషికి కుర్చీ ఊగడం ఒక లెక్క కాదు. కింద తాళాలాయన కొట్లో తాళంచెవులు అరగదీసే మిషను కీచుమన్నప్పుడల్లా ముగ్గురూ మాట ఆపి, అది ఆగాక మళ్ళీ ఎత్తుకుంటున్నారు.

అక్కని రేవులో అందరూ పడవక్క అంటారు. పడవ ఆమెది, దాన్ని నడిపే సరంగు తమ్ముడు. పడవ ఉన్నన్నాళ్ళూ ఆ పిలుపుని ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరైనా పడవక్కా అంటే ఒక్క క్షణం ఆగి గాని పలకడం లేదు.

ఆమె నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. సిమెంటు కంపెనీ మేనేజరు నిన్న రేవుకి వచ్చాడట. షామియానా వేయించి, మైకు పెట్టించి, ఇంటికో దుప్పటి పంచాడట. చివర్లో పడవక్కని ముందుకి పిలిచి, పాత ఇంజనొకటీ కొన్ని వలలూ ఇస్తామనీ, ఈ కాగితం మీద సంతకం పెడితే చాలనీ అందరూ వింటుండగా చెప్పాడట.

లాయరమ్మ చదివింది. ఇచ్చేది బాధ్యత వల్ల కాదు, కేవలం జాలితోనట. ఇక ముందు ఎవరినీ ఏమీ అడగననీ, కేసు వదులుకుంటున్నాననీ కింద ఉంది.

"పడవ లేకుండా ఇంజన్ని ఏం చేసుకుంటాను లాయరమ్మా, పొయ్యి మీద పెట్టుకోనా?" అంది పడవక్క. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ శుక్రవారం కోర్టులో మనల్ని పొమ్మంటే ఇది కూడా ఉండదంటున్నారు. పెట్టమంటే పెడతాను, వద్దంటే చింపేస్తాను. నిజం చెప్పండి."

లాయరమ్మ కాగితాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది.

ఆమె దగ్గరికి వచ్చేవన్నీ ఇంటి అద్దె తగాదాలు. ఖాళీ చేయనివాళ్ళూ, ఖాళీ చేయమనేవాళ్ళూ, నీళ్ళ పంపు విరిగితే నువ్వంటే నువ్వని కొట్టుకునేవాళ్ళూ. కోర్టులో ఆమె పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, అద్దెల లాయరమ్మ అంటే గేటు దగ్గర బంట్రోతు కూడా తాళాలాయన కొట్టు మీది గదికి దారి చూపిస్తాడు. ఒకప్పుడు పడవక్క వలలు దాచుకునే షెడ్డు తగాదా ఆమే గెలిపించింది. అందుకే పడవ మునిగాక పడవక్క తిన్నగా ఇక్కడికి వచ్చింది. ఓడల కేసులు వేరే లాయర్లు చూస్తారని లాయరమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ ఓడ కూడా అద్దెదేనట, కాబట్టి మీరే చూడాలి అని కూర్చుంది. ఆ మాటకి లాయరమ్మ ఆ రోజు నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. తెల్లవారుజామున వల దించి, స్తంభం మీద దీపం వెలిగించుకుని, నిలకడగా ఉన్న పడవని సిమెంటు రాయి మోసే ఓడ వచ్చి నడిమికి రెండు చేసింది. త్వరగా రేవు చేరాలని, ఓడలు రాకూడని అడ్డదారిలో వచ్చింది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, రేవు అధికారులే రాసిచ్చారు. కానీ ఓడ గలవాడంటే కాగితాల మీద ఎక్కడో ఒక ద్వీపంలో ఒక పోస్టు డబ్బా నంబరు, అంతే. పంపిన నోటీసులు పంపినట్టే తిరిగొచ్చాయి. ఓడని తర్వాత తుక్కు కింద అమ్మేశారు. ఈపాటికి అది ఎవరింటి గేటుగానో మారిపోయి ఉంటుంది. మిగిలింది దాన్ని అద్దెకి తీసుకుని తిప్పిన సిమెంటు కంపెనీ.

ఓడని రెండు రకాలుగా అద్దెకి తీసుకోవచ్చు. మనుషులతో సహా తీసుకుంటే కెప్టెనూ సిబ్బందీ ఓడ గలవాడి మనుషులే. తీసుకున్నవాడు సరుకు ఎక్కించి ఫలానా రేవుకి పొమ్మంటాడు, అంతే. అది ఎవరినైనా గుద్దితే పూచీ ఓడ గలవాడిది. ఒట్టి ఓడ తీసుకుని తన మనుషుల్ని పెట్టి నడుపుకుంటే, ఆ అద్దె సాగినన్నాళ్ళూ ఓడ అతనిదే అన్నట్టు లెక్క. గుద్దినా అతనిదే పూచీ. కంపెనీ కోర్టులో పెట్టిన ఒప్పందంలో మొదటి రకమనే ఉంది.

పోయిన వాయిదాలో కంపెనీ తరఫు సీనియరు లేచి, ఒక్క పుస్తకం కూడా విప్పకుండానే పని కానిచ్చేశాడు. మనం టాక్సీ ఎక్కుతాం, అది దారిలో ఎవరినో గుద్దుతుంది, వెనక సీట్లో కూర్చున్న పాపానికి మనం ఆస్పత్రి ఖర్చులు కట్టుకోవాలా అన్నాడు. కోర్టంతా నవ్వింది. న్యాయమూర్తి కూడా పెన్ను మూతి దగ్గర పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుల మధ్య పడవక్క ఏం జరిగిందో తెలియక తమ్ముడి మొహం చూడడం లాయరమ్మకి ఇంకా కళ్ళముందే ఉంది. ఈ టాక్సీకి జవాబుంటే వచ్చే వాయిదాకి తీసుకురండి, లేకపోతే కంపెనీని కేసులోంచి తీసేస్తానని న్యాయమూర్తి ఆమెతో అన్నాడు. కంపెనీని తీసేస్తే కేసులో ఇక మిగిలేది పోస్టు డబ్బా.

"శుక్రవారం దాకా చింపకండి, పెట్టకండి," అంది లాయరమ్మ చివరికి.

సరంగు లేవబోతూ అలవాటుగా కుడిచెయ్యి బల్ల మీద ఆనించాడు. పడవ మునిగిన రోజు దెబ్బతిన్న భుజం కలుక్కుమంది కాబోలు, చెయ్యి మార్చుకుని లేచాడు.

*

ఇంట్లో లాయరమ్మ వాదన మొదట వినేది అత్తగారు. కోర్టుకి వెళ్ళే ముందు అత్తగారి దగ్గర గెలిస్తే అక్కడ గెలిచినట్టేనని ఆమె నమ్మకం. అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ వింటుంది. నచ్చితే బఠాణీ నోట్లో వేసుకుంటుంది. నచ్చకపోతే తొక్క తీసి పక్కన పడేస్తుంది.

లాయరమ్మ ముందు సీనియరు వాదన చెప్పింది, టాక్సీతో సహా. అత్తగారు ఒక బఠాణీ నోట్లో వేసుకుంది. తర్వాత తన వాదన చెప్పింది. సిమెంటు కంపెనీకే లాభం కదా, సరుకు వాళ్ళదే కదా, తొందరా వాళ్ళదే కదా అని పావుగంట సేపు చెప్పింది. తొక్కలు కుప్పపడ్డాయి.

"ఏమనుకోకే అమ్మాయీ," అంది అత్తగారు, "నేనైతే తీర్పు వాళ్ళకే ఇస్తాను."

"అత్తయ్యా!"

"మరి? నాకు తొందరగా ఉందనుకో, డ్రైవర్ని పోనీ పోనీ అంటాను. అంతమాత్రాన నన్ను జైల్లో పెడతారా? వాడి కాలు, వాడి బ్రేకు." చేట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "ఆ టాక్సీవాణ్ణి ఎలాగో ఒకలా దించు ముందు. లేకపోతే నీకు లాభం లేదు."

లాయరమ్మ తొక్కలు ఎత్తి చెత్తబుట్టలో వేసింది. ఆమె భర్త లోపలి గదిలో దంతాల వైద్యుడు చేయమన్న కట్టుడు పళ్ళు నునుపు చేస్తున్నాడు. అక్కణ్ణించే, గుమ్మం వైపు చూడకుండా, అమ్మ తీర్పు మీద అప్పీలు లేదు అన్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం ఆమె రేవుకి వెళ్ళింది. చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. ఊరికే గదిలో కూర్చోలేక వెళ్ళింది.

మునిగిన పడవలో ముందు సగం మాత్రం ఒడ్డుకి లాక్కొచ్చి పెట్టారు. విరిగినచోట పలకలు పళ్ళలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. దాని నీడలోనే కూర్చుని పడవక్క ఇంకెవరి పడవకో సందులు పూడుస్తోంది. నూలుపోగు పేనడం, పలకకీ పలకకీ మధ్య పెట్టడం, మొద్దు ఉలితో లోపలికి దిగగొట్టడం, దాని మీద గుగ్గిలం ముద్ద అద్ది బొటనవేలితో నునుపు చేయడం. దెబ్బ సరిగ్గా పడితే ఒక రకం చప్పుడు, పడకపోతే ఇంకో రకం. ఆమె చెవితోనే పని చేస్తున్నట్టుంది. కళ్ళు మటుకు లాయరమ్మ మీద ఉన్నాయి.

ఎండగా ఉందని ఇంట్లోకి తీసుకెళ్ళింది. ఒకటే గది. లోపల సరంగు కూర్చుని ఉన్నాడు. తలుపుకి లోపలివైపు గడియకి బదులు ఒక పొడుగాటి నున్నటి కర్ర అడ్డంగా పెట్టుకునేలా రెండు కొక్కేలు కొట్టి ఉన్నాయి. కర్రకి ఒక చివర చేతులు పట్టీ పట్టీ నల్లబడి మెరుస్తోంది.

"చుక్కాని పిడి," అంది పడవక్క. "వీణ్ణి నీళ్ళలోంచి తీసినప్పుడు దీన్ని పట్టుకునే ఉన్నాడు. వదలమంటే వదల్లేదట. పడవ వచ్చేదాకా తలుపు కాపలా కాస్తుందని పెట్టాను."

సరంగు సిగ్గుపడ్డాడు. మాట మార్చడానికి కాబోలు మేనేజరు సభ గురించి ఎత్తుకున్నాడు. దుప్పట్లు పల్చన, మాటలు దళసరి అన్నాడు. మైకు పట్టుకుని మేనేజరు ఎలా ఊగాడో, మాటమాటకీ గుండె మీద చెయ్యి ఎలా వేసుకున్నాడో ఎడంచేత్తో చేసి చూపించాడు. పడవక్క నవ్వింది. లాయరమ్మ ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి.

"ఒక్క మాటకి మటుకు జనం చప్పట్లు కొట్టారండీ," అన్నాడు సరంగు. "మా కెప్టెన్ తప్పు చేశాడు, సాయంత్రానికల్లా ఓడ దించేశాను, తెల్లారేసరికి ఇంకొకణ్ణి ఎక్కించాను, మా కంపెనీ అంటే అదీ అన్నాడు. ఆ కెప్టెన్ మీద నాకూ కోపమే. కానీ సామాను సర్దుకోవడానికి కూడా టైమివ్వలేదట. కొంచెం జాలేసింది."

లాయరమ్మ తలూపింది. మనసు టాక్సీ మీదే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు చెప్పుల నిండా ఇసుక.

తన గదికి వెళ్ళాలంటే తాళాలాయన కొట్టు పక్కనుంచి మెట్లెక్కాలి. ఆమె మొదటి మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి ఇసుక దులుపుకుంటోంది. కొట్లో తాళాలాయన పని మీద వచ్చిన ఒకతనితో మాట్లాడుతున్నాడు. వచ్చినవాడు హడావిడిలో ఉన్నాడు. ఫలానా వీధిలో ఫలానా ఇంటి తాళం మార్చాలట, ఇప్పుడే రావాలట. తాళాలాయనకి తొందరలేదు. ఇల్లెవరిదో అడక్కుండా తాళం మార్చి ఒకసారి పోలీసుస్టేషనులో కూర్చుని వచ్చినవాడు. ఆ రోజు విడిపించి తెచ్చింది లాయరమ్మే. ఇంకోసారి ఇలాంటి పనికి ఒప్పుకునే ముందు అడగమని నాలుగు చివాట్లతో పాటు ఒక ప్రశ్న కూడా నేర్పింది.

"ఇల్లు మీదా?" అని అడుగుతున్నాడు తాళాలాయన.

"నాది కాదయ్యా, నేనూ అద్దెకి తీసుకున్నదే. కాగితాల్లో మా బావమరిది పేరుంది."

"అందులో ఉంటున్నవాణ్ణి ఎవరు పంపించేశారు?"

"నేనే."

"కొత్తవాళ్ళని ఎవరు పెడుతున్నారు?"

"నేనే. ఎవరినడగాలి?"

"అయితే కాగితం ఎవరి పేరునున్నా ఇల్లు మీ చేతిలో ఉన్నట్టే," అన్నాడు తాళాలాయన సంచీ భుజాన వేసుకుంటూ. వెళ్తూ వెళ్తూ మెట్ల వైపు తిరిగి, "అంతేగా లాయరమ్మా? మీరు నేర్పిన పాఠమే," అన్నాడు.

లాయరమ్మ అంతే అందామనుకుంది. చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది.

దించేశాను. ఎక్కించాను.

తాళాలాయన రెండడుగులు వేసి, ఆమె పలకకపోయేసరికి వెనక్కి వచ్చాడు. పాఠం తప్పు చెప్పానేమోనని భయపడ్డాడు పాపం. ఆమె లేచి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా మెట్లన్నీ ఎక్కేసింది.

కంపెనీ పెట్టిన ఒప్పందాన్ని మళ్ళీ తెరిచింది. ఇన్నాళ్ళూ సీనియరు వాదనకి జవాబు వెతుకుతూ చదివిందే. ఈసారి ఇంటి అద్దె పత్రం చదివినట్టు చదివింది. కెప్టెన్ నచ్చకపోతే అద్దెకి తీసుకున్నవారు ఓడ గలవారికి ఫిర్యాదు చేయాలి, ఓడ గలవారు విచారించి అవసరమైతే మార్చాలి అని ఉంది. అందరూ రాసుకునే మాటే. పంపు చెడిపోతే ఇంటివాడికి చెప్పాలి అన్నట్టు. కానీ ఈ అద్దెకున్నాయన ఇంటివాడికి చెప్పలేదు. సాయంత్రానికల్లా పాతవాణ్ణి గెంటి, తెల్లారేసరికి కొత్తవాణ్ణి పెట్టాడు. అద్దెల తగాదాల్లో అలా చేసినవాణ్ణి ఆమె ఎప్పుడూ ఒకటే అడుగుతుంది. నువ్వు ఎవరివని చేశావు?

రేవంతా విన్నది నిజమే. కానీ షామియానా కింద అన్న మాట కోర్టులో చెల్లదు. ఆ మాట మేనేజరు బోనులో నిలబడి అనాలి. అడిగితే అనడు. సీనియరు పక్కనే ఉంటాడు.

ఆమె పడవక్కకి ఫోను చేసింది. సంతకం పెట్టొద్దు అంది. ఎందుకో చెప్పలేదు. పడవక్క కూడా అడగలేదు. ఫోనులో కాగితం చిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

*

శుక్రవారం మేనేజరు ఇస్త్రీ మడతలతో బోనెక్కాడు. సీనియరు అడిగినవాటికి చక్కగా జవాబులు చెప్పాడు. ఓడ మాది కాదు. మేము సరుకు ఎక్కించమంటాం, దించమంటాం. కెప్టెన్ ఎలా నడుపుతాడో మాకేం తెలుసు, మేము సిమెంటు చేసుకునేవాళ్ళం. ఆఖరి మాటకి కోర్టులో మళ్ళీ నవ్వులు. సీనియరు గౌను సర్దుకుని కూర్చుంటూ, పాత శిష్యురాలి వైపు కొంచెం జాలిగా చూశాడు. జూనియరుగా ఉన్నప్పుడు ఆమెకి అద్దె కేసులు పడేసింది ఆయనే.

లాయరమ్మ లేచింది. ఒప్పందం బల్ల మీదే వదిలేసి, ఖాళీ చేతులతో బోను దగ్గరికి నడిచింది. వెనక బెంచీలో పడవక్క కొంగు చివర వేలికి చుట్టుకుని కూర్చుంది. పక్కన సరంగు.

లాయరమ్మ ఓడ ఎవరిదన్న మాటే ఎత్తలేదు. మేనేజరు గారి కంపెనీకి మనుషుల ప్రాణాలంటే ఎంత నిర్లక్ష్యమో అని మొదలుపెట్టింది. ఇంత ఘోరం జరిగితే పెద్ద కంపెనీ అయ్యుండి ఒక్కరూ కదల్లేదట కదా అంది. పడవ మునిగాక మీరంతా చేతులు కట్టుకుని కూర్చున్నారట, ఆ కెప్టెన్ మర్నాడు కూడా దర్జాగా ఓడ నడుపుకున్నాడట, రేవులో అందరూ ఇదే అనుకుంటున్నారు అంది. గొంతులో కొంచెం ఈసడింపు కలిపింది.

మేనేజరు మెడ ఎర్రబడింది. దుప్పట్లు పంచిన మనిషి. చప్పట్లు అందుకున్న మనిషి.

"ఎవరన్నారు?" అన్నాడు. "ఆ సాయంత్రమే అతన్ని ఓడ దించేశాను. సామాను కూడా సర్దుకోనివ్వలేదు. రేవులో వాళ్ళనే అడగండి, అందరి ముందూ చెప్పాను."

సీనియరు కాగితాల్లోంచి తలెత్తాడు.

లాయరమ్మ నమ్మనట్టు మొహం పెట్టింది. కోపంలో నాలుగు మాటలు అని ఉంటారు గానీ, ఓడ కెప్టెన్ని దించేంత అధికారం మీకెక్కడిదండీ, ఆ పని చేయాలంటే ఎక్కడో ద్వీపంలో ఉన్న ఓడ గలాయన చేయాలి గానీ అంది.

"అధికారం లేకపోవడమేంటి?" మేనేజరు బోను కమ్మీ మీద చెయ్యి చరిచాడు. "అతన్ని పెట్టిందే నేను. జీతమిచ్చింది మేము. వంటవాడితో సహా అందరినీ మేమే పెట్టుకున్నాం. తెల్లారేసరికి కొత్త కెప్టెన్ని తెచ్చి నిలబెట్టాను."

సీనియరు అప్పటికే నిలబడ్డాడు. ఇది కేసుకి సంబంధం లేని విషయమని అన్నాడు. న్యాయమూర్తి ఆయన వైపు చూడలేదు.

"కూర్చోండి. సాక్షి బాగానే చెబుతున్నాడు."

"ఓడ గలాయన్ని అడిగారా, మార్చేముందు?" అని అడిగింది లాయరమ్మ. ఈసారి గొంతులో ఈసడింపు లేదు. ఇంటి పంపు గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"ఆయన్ని అడగడమేంటి? ఆయనెవరో నేనెప్పుడూ చూడలేదు. ఓడ చేతికిచ్చారు, నడుపుకున్నాం."

అనేసి మేనేజరు సీనియరు వైపు చూశాడు. సీనియరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అప్పుడు మేనేజరుకి తను అన్నదేమిటో అర్థమైంది. జేబురుమాలు కోసం ఉన్న జేబులన్నీ వెతుక్కున్నాడు.

లాయరమ్మ న్యాయమూర్తి వైపు తిరిగింది.

"టాక్సీకి జవాబు తెమ్మన్నారండీ. టాక్సీ ఎక్కినాయన డ్రైవర్ని దించేసి, ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టి, జీతం కూడా తనే ఇస్తుంటే, ఆయన వెనక సీట్లో కూర్చున్నా బండి ఆయనదేనండీ. కాగితం మీద ఏం రాసుకున్నా సరే."

ఈసారీ కోర్టు నవ్వింది. కానీ ఈ నవ్వు ఇంకోలా ఉంది. వెనక బెంచీలో పడవక్క తమ్ముడి మొహం చూడలేదు. ఆమెకి అర్థమైంది. వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

సీనియరు చాలాసేపు మాట్లాడాడు. మంచి లాయరు కాబట్టి బాగానే మాట్లాడాడు. ఒప్పందంలో రాసినదే ప్రమాణమన్నాడు, మేనేజరు మాట తూలాడన్నాడు. న్యాయమూర్తి అంతా విని, ఆ ఒప్పందంలో ఫిర్యాదు చేయాలన్న చోటు వేలితో చూపించి, ఈ ఫిర్యాదు ఎవరు ఎవరికి చేశారని అడిగాడు. సీనియరు ఒప్పందం పేజీలు తిరగేశాడు. న్యాయమూర్తి టైపు చేసే ఆమె వైపు తిరిగి అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టాడు. పేరుకి మనుషులతో సహా అద్దె అని రాసుకున్నా, ఓడనీ దాని మనుషులనీ చేతిలో పెట్టుకుని నడిపింది కంపెనీయే కాబట్టి, ఈ గుద్దుడికి ఓడ గలవాడు జవాబు చెప్పినట్టే కంపెనీ జవాబు చెప్పాలి. పడవకీ, పోయిన పనికీ, సరంగు భుజానికీ. టైపు మిషను టకటకమంటోంది. లాయరమ్మకి ఎందుకో పడవక్క ఉలిదెబ్బలు గుర్తొచ్చాయి, సరిగ్గా పడ్డప్పటి చప్పుడు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటకుండానే, ఇక లాగడం అనవసరమనీ, పడవ కట్టించే ఖర్చూ వైద్యం ఖర్చూ తామే పెట్టుకుంటామనీ కంపెనీ తరఫున సీనియరే లేచి చెప్పాడు. తెలివైనవాడు. ఎక్కడ ఆగాలో ఆయనకి తెలుసు.

వరండాలో మేనేజరు ఎదురుపడ్డాడు. పక్కకి తప్పుకోబోయి, మళ్ళీ ఉక్రోషం ఆపుకోలేక పడవక్క ముందు ఆగాడు.

"ఆ రోజు అదే మాటకి మీరే కదమ్మా చప్పట్లు కొట్టారు?"

"కొట్టాం బాబూ," అంది పడవక్క ఎంతో మర్యాదగా. "ఆ రోజూ బాగా చెప్పారు. ఈ రోజు ఇంకా బాగా చెప్పారు."

సరంగు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు రెండూ కదులుతున్నాయి, బాగాలేనిది కూడా.

మెట్ల దగ్గర సీనియరు లాయరమ్మని ఆపాడు. చేతిలోని గౌను మడత పెట్టుకుంటూ, "టాక్సీ నాదమ్మా, మర్చిపోకు," అన్నాడు.

"మీదేనండీ. డ్రైవర్ని దించింది మటుకు మీ మేనేజరు గారు."

ఆయన పెద్దగా నవ్వేశాడు. వచ్చే నెలలో తన దగ్గర ఒక ఓడ కేసుంది, తీరిక ఉంటే ఇద్దరం చూద్దాం అన్నాడు. తీరిక చూసుకుని చెబుతానంది లాయరమ్మ. ఆ మాట ఆయనతో అనగలిగినందుకు గేటు దాకా ఆమె నడక మారిపోయింది. గేటు దగ్గర బంట్రోతు లేచి నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళగానే అత్తగారు ఒకటే అడిగింది, టాక్సీవాడు దిగాడా అని. దిగాడంది కోడలు. అత్తగారు చేటలోంచి గుప్పెడు బఠాణీలు తీసి ఆమె అరచేతిలో పోసింది.

*

ఆదివారం లాయరమ్మ రేవుకి వెళ్తుంటే తాళాలాయన ఆపి, ఒక కొత్త తాళం ఆమె సంచీలో పడేశాడు. పడవక్క గారికి నా తరఫున అన్నాడు. తన పాఠం కోర్టుదాకా వెళ్ళిందని ఆ వీధిలో చెప్పని మనిషి లేడు.

ఒడ్డున సగం పడవ లేదు. పనికొచ్చే పలకలు ఊడదీసి ఒక పక్క పేర్చారు. పడవలు కట్టే మేస్త్రి ఇసుకలో తాడుతో పొడుగాటి గీత గీసి, ఇటు జరగండి అటు జరగండి అని అందరినీ కసురుతున్నాడు. గీతకి ఒక చివర సరంగు నిలబడి ఉన్నాడు. ఎడంచేతిలో చుక్కాని పిడి. మేస్త్రి దాన్ని అడిగితే ఇవ్వడు, ఇలాగే పట్టుకుంటాను, ఇలాగే కొలుచుకో అంటున్నాడు. కుడిచేత్తో ఇక నడపలేడు కాబట్టి పిడి ఎడం పక్కకి ఒంపు తిరిగేలా బిగించాలట. మేస్త్రి విసుక్కుంటూనే వంగి కొలుస్తున్నాడు.

పడవక్క ఇల్లు బార్లా తెరిచి ఉంది. తలుపు వెనక కొక్కేలు రెండూ ఖాళీ. లాయరమ్మ తాళం తీసి ఇచ్చింది. పడవక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెవి పెట్టి తీసి, మళ్ళీ వేసి, బాగుందంది. దాన్ని ఇంటి తలుపుకి వేయలేదు. కొంగుకి కట్టుకుంది.

"ఇంటికెందుకు లాయరమ్మా, లోపలేముంది ఎత్తుకుపోవడానికి? ఇంజను గదికి వేస్తాను."

"ఏ ఇంజను? పడవే ఇంకా గీత మీద ఉంటే."

"వస్తుందిగా," అంది ఆమె.

బయటినుంచి మేస్త్రి, పడవక్కా, ఇలా వచ్చి పొడుగు సరిపోతుందో లేదో చూడు అని కేకేశాడు.

"వస్తున్నా," అని ఆమె వెంటనే పలికింది.